తూలేవాళ్ళంతా తాగినవాళ్ళు కాదు: సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా మిర్యాలగూడకు సైకిల్ మీద

ఈ సైకిల్ ప్రయాణం ఎందుకు చేశారని అడిగినవాళ్ళకు ఇప్పటికి నాలుగు రకాల జవాబులు చెప్పాను. నాలుగూ నిజమే, కానీ ఏ ఒక్కటీ నాకే పూర్తిగా అర్థం కాలేదు. మీలో ఎవరైనా ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే పనికొస్తుందని దారి, ఖర్చు, తిండి అన్నీ చెబుతాను. ముందు మాత్రం సైదులు గురించి చెప్పాలి. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు మా వైపు పెట్టే పేరు అది. మిర్యాలగూడలో ఇంటర్ చదివేటప్పుడు మా ఒక్క తరగతిలోనే ముగ్గురు సైదులు ఉండేవాళ్ళు. మావాడు అందరికన్నా ఎత్తు కాబట్టి పొడుగు సైదులు. చదువులయ్యాక నేను సూర్యాపేటలో లారీ విడిభాగాల దుకాణం పెట్టుకున్నాను, వాడు లారీ ఎక్కాడు. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం బస్తాలు ఎత్తుకొని హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేటల్లో దింపేవాడు. సూర్యాపేట వచ్చినప్పుడల్లా నా దుకాణంలో చాయ్ తాగి, నా బేరింగుల ధరలను తిట్టి పోయేవాడు.

మూడేళ్ళ క్రితం వాడి నడక చెడింది. మెట్టు దిగుతూ పక్కకు తూలేవాడు, చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే. మెల్లగా మాట కూడా ముద్దముద్దగా తయారైంది. తాగి నడుపుతున్నావని లారీ యజమాని తాళంచెవి తీసుకున్నాడు. అంతకుముందు రోడ్డు మీద పోలీసులు ఆపి మిషన్లో ఊదిస్తే సున్నా చూపించిందట, మిషన్ ఖరాబైందని ఇంకోటి తెప్పించి మళ్ళీ ఊదించారట. చివరికి హైదరాబాద్‌లో నరాల డాక్టర్ స్కానింగ్ చేయించి సెరెబెల్లార్ అటాక్సియా అని పేరు చెప్పాడు. చాలా అరుదైన జబ్బు. తలలో చిన్నమెదడు కొద్దికొద్దిగా అరిగిపోతుందట. నయం చేసే మందు లేదు, వ్యాయామం చేయిస్తూ పోతే నడక ఇంకొన్నాళ్ళు నిలబడుతుంది. ఇదంతా డాక్టర్ చెబితే నా బుర్రకెక్కలేదు కానీ, సైదులు నా దుకాణం భాషలో చెబితే ఎక్కింది.

"స్టీరింగ్‌ల ప్లే వచ్చిందిరా సీనూ. నేను ఇటు తిప్పుత. బండి జరసేపు ఆలోచన చేసి అటు పోతది."

మిర్యాలగూడలో ఇలాంటి వాళ్ళకు వ్యాయామం చేయించే ఒక చిన్న గది ఉంది. అక్కడ పట్టుకొని నడిచే కడ్డీలు, ఇంకొన్ని సామాన్లు కావాలి. మందుల దుకాణం నడిపే మా నయీంకు సైకిల్ పిచ్చి. మనం సైకిళ్ళ మీద పోదాం, కిలోమీటరుకు ఇంత అని మన బ్యాచ్ వాళ్ళ దగ్గర చందా రాయించుకుందాం అన్నాడు. సైదులు విని తల ఊపాడు గానీ వాడి మనసు చందాల మీద లేదు. "పైసలొస్తె మంచిదే. నాకు ఫికర్ గది కాదు. మా అమ్మ నమ్ముతలేదురా. పొద్దున సాయంత్రం నా నోరు వాసన సూస్తది. మీ నాయిన బుద్దే నీకొచ్చిందని ఏడుస్తది. దవాఖాన కాయితం సూపిస్తె, పైసలిస్తె కాయితం ఎవడైన రాసిస్తడంటది. నేను తిరిగిన తొవ్వల పోయి జనానికి చెప్పుర్రి. ఆమె నా మాట నమ్మది, నలుగురి మాట నమ్ముతది" అన్నాడు. అందుకే దారి వాడి లారీ దారి అయింది. బనియన్ల వెనక ఏం రాయించాలో కూడా వాడే చెప్పాడు: తూలేవాళ్ళంతా తాగినవాళ్ళు కాదు.

డిసెంబర్ మొదట్లో ఒక ఆదివారం పెట్టుకున్నాం. నలుగురం అనుకున్నాం, తెల్లవారేసరికి ఇద్దరం తేలాం. ఒకరికి నడుం పట్టేసింది, ఇంకొకరు ఫోనే ఎత్తలేదు. సూర్యాపేటలో గేర్ల సైకిల్ కిరాయికి దొరకదు, ఎవరినైనా అడిగి తెచ్చుకోవాల్సిందే. నాది నయీం చెల్లెలి కొడుకు సైకిల్, సీటు ఎంత పైకి లాగినా నా మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. అయిదున్నరకు కొత్త బస్టాండు దగ్గర బయలుదేరి విజయవాడ హైవే ఎక్కాం. పొద్దున పూట ఆ రోడ్డు సైకిల్‌కు బాగానే ఉంటుంది, అంచున తెల్లగీత బయట తొక్కితే లారీలు మనల్ని పట్టించుకోవు. మంచు పడుతోంది కాబట్టి వెనక ఎర్ర లైటు తప్పనిసరి. కోదాడ నలభై అయిదు కిలోమీటర్ల లోపే, పెద్ద ఎత్తుపల్లాలు లేవు. నాకు మాత్రం చివ్వెంల దాటకముందే ఈ పని ఎందుకు ఒప్పుకున్నానా అనిపించింది.

ఏడు గంటలప్పుడు మునగాలలో చాయ్ కోసం ఆగాం. చాయ్ పది రూపాయలు, గ్లాసు చిన్నది. బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ నా వీపు మీది అక్షరాలు కూడబలుక్కొని చదివి దగ్గరికి వచ్చింది.

"అయ్యా, మీరు మందు బంద్ చేపిచ్చేటోళ్ళా? మా ఊర్ల బెల్టు షాపు ఉన్నది. గది గూడ బంద్ చేపియ్యుర్రి. మా ఇంటాయన పొద్దుగాల్లనే మొదలువెడుతుండు."

"కాదమ్మా, మేం గట్లాంటోళ్ళం కాదు. మా దోస్తుకు నరాల జబ్బు. తాగకున్నా తూలుతడు. అందరు తాగినోడు అనుకుంటున్నరు."

ఆమె చాలాసేపు ఆలోచించింది. "తాగకుంట తూలుతడా? మరి మా ఆయన తాగి గూడ సక్కగ నడుస్తడు" అని, మా వల్ల కాదని తేల్చుకొని బస్సెక్కిపోయింది. నయీం నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మేం రాయించుకున్న మాట మేం అనుకున్న అర్థంలో ఎవరికీ చేరడం లేదేమోనని అప్పుడే అనుమానం మొదలైంది.

కోదాడ చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. బస్టాండు నుంచి హుజూర్‌నగర్ రోడ్డు వైపు తిరిగాక లారీల వాళ్ళు తినే ఒక చిన్న హోటల్ ఉంది. సైదులు ఎప్పుడూ అక్కడే తినేవాడు. ఇడ్లీ, మైసూర్ బజ్జీ, చాయ్ ఇద్దరికీ కలిపి నూట ఇరవై అయింది, అల్లం చట్నీ మాత్రం అడిగి వేయించుకోండి. కోదాడలో జనం మాట అప్పుడే ఆంధ్ర యాసకు తిరిగి కృష్ణా నీళ్ళ వాసన వేస్తుంది. హోటలాయన మా బనియన్లు చూసి గొంతు తగ్గించి, "మందు మాన్పించే పొడి ఏమన్నా అమ్ముతారాండీ? అన్నంలో కలిపి పెట్టేదుంటదంట కదా. మా బామ్మర్దికి కావాలండీ" అని అడిగాడు.

లేదని చెప్పి సైదులు ఫోటో చూపించాను. చూడగానే గుర్తుపట్టాడు. "ఓ, ఈయనా? మంచోడండీ. ఎప్పుడూ ఎనిమిది ఇడ్లీ తినేవాడు. చివర్లో బాగా తాగుడికి పడ్డాడు పాపం."

నయీం ఓపిగ్గా కూర్చుని చిన్నమెదడు ఎక్కడుంటుందో, అదేం చేస్తుందో తన తల వెనక చెయ్యి పెట్టి మరీ చూపించాడు. హోటలాయన అంతా శ్రద్ధగా విన్నాడు. "అట్టాగా అండీ. తెలవదండీ మాకు" అన్నాడు. మేం సైకిళ్ళు ఎక్కుతుంటే గుమ్మం దాకా వచ్చి, "ఆయన్ని తాగుడు తగ్గించమని చెప్పండి. జబ్బుతో ఉండి తాగితే ప్రమాదం కదండీ" అని సాగనంపాడు. నయీం ముఖం అప్పుడు చూడాల్సింది.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ పదిహేడు, పద్దెనిమిది కిలోమీటర్లు. సిమెంటు లారీల రోడ్డు కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోండి, మేం కట్టుకోక నలభై నిమిషాలు తుమ్ముకుంటూ పోయాం. హుజూర్‌నగర్ దగ్గర లారీల కాంటా ఉంది. అక్కడ తూకం వేసే పెద్దాయన మా కథంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "మీరు సైకిల్ తొక్కితె ఆయన రోగం తగ్గుతదా?" తగ్గదన్నాను. "మరెందుకు తొక్కుతున్నరు?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. చందాలు, వ్యాయామం గది అని ఏదో చెప్పాను. "అడిగితె ఊకెనే ఇయ్యరా చందా? ఎండల తొక్కితెనే ఇస్తరా?" అన్నాడు. ఆ తర్వాత దారి పొడవునా అదే ఆలోచన. మొక్కు అయితే నడవడానికి ఒక అర్థముంది, ఓట్లకైతే ఒక అర్థముంది. దుకాణం మూసుకొని, నడుం విరగ్గొట్టుకొని, ఎవరికీ అర్థం కాని మాట వీపు మీద వేసుకొని నేనెందుకు పోతున్నట్టు? సైదులు అడిగాడు కాబట్టి. అంతకు మించి నాకూ తోచలేదు.

హుజూర్‌నగర్ నుంచి మిర్యాలగూడకు నేరేడుచర్ల మీదుగా నలభై కిలోమీటర్ల పైన ఉంటుంది. ఈ కాలంలో వెళ్ళేవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. కోతలయ్యాక రైతులు రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు. వడ్ల మీద సైకిల్ జారుతుంది, పైగా తిట్లు తింటారు. ఒక చోట నేను జారి పడబోతే వడ్లు తిరగేస్తున్న అవ్వ "తాగినవా బిడ్డా?" అని అడిగింది. వీపు చూపించాను. చదువు రాదంది.

నేరేడుచర్లలో మధ్యాహ్నం భోజనం చేసి, ఎడమకు తిరిగి పాలకీడు రోడ్డు పట్టాం. ఇది మిర్యాలగూడ దారి కాదు, కావాలని చేసిన చుట్టు. సైదులు పుట్టిన ఊరు పాలకీడు దగ్గరే. వాళ్ళు గొల్లవాళ్ళు, నాయిన నర్సయ్య గొర్లు కాసేవాడు. సైదులు పదో తరగతిలో ఉండగా ఆయన కాలువలో పడి చనిపోయాడు. తాగి పడ్డాడని ఊరంతా అన్నారు. తర్వాత పెద్దమ్మ, అంటే సైదులు వాళ్ళమ్మ, కొడుకును తీసుకొని మిర్యాలగూడ వచ్చి మిల్లులో కూలికి చేరింది. ఊళ్ళో ఇప్పటికీ చిన్న ఇల్లుంది. "మా ఊర్ల గూడ చెప్పుర్రి. మా అమ్మకు ఊరి మాట అంటె శిలాశాసనం" అన్నాడు సైదులు.

ఆదివారం రెండు గంటలకు ఒక ఊళ్ళో నలుగురు ఒక్కచోట దొరకాలంటే కల్లు మండువకే పోవాలి. తాటాకు పందిరి, నాలుగు బల్లలు, ఏడెనిమిది మంది మనుషులు. కల్లు అమ్మే యాదగిరి తాతకు డెబ్బై దగ్గర పడి ఉంటాయి. ఇప్పుడు కొడుకులు చెట్లెక్కుతారు, ఆయన సీసాలు నింపి ఇస్తాడు. మా బనియన్ల మీది మాట ఎవరో చదివి వినిపించగానే ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఏందయ్యా, మా కడుపు గొట్టనీకె వచ్చిర్రా? నా కల్లు తాగి ఎవ్వడు తూలడు. తూలేది సర్కారు మందు తాగినోడు. పోయి గాడ చెప్పుకోర్రి."

"మేం కల్లు బంద్ చేపియ్యనీకె రాలే తాతా. గొల్ల నర్సయ్య కొడుకు సైదులు ఉన్నడు గదా, వాని దోస్తులం."

"నర్సయ్య కొడుకా? వాడు గూడ తాగి లారీ పోగొట్టుకున్నడంట గదా."

ఆ రోజు అయిదోసారో ఆరోసారో మళ్ళీ కథ మొదలుపెట్టాం. నేను స్టీరింగ్ ప్లే చెప్పాను, నయీం చిన్నమెదడు చెప్పాడు. బల్లల మీదివాళ్ళు కొందరు నవ్వారు. తాత నవ్వలేదు. చేతిలో సీసా అట్లాగే పట్టుకొని, "మాట గూడ ముద్దగ వస్తదా?" అని అడిగాడు. అవునన్నాను. "కాళ్ళు ఎడంగ పెట్టి, గోడ పట్టుకుంట నడుస్తడా?" అవునన్నాను. అప్పుడాయన సీసా కింద పెట్టాడు.

"గట్లయితె నర్సయ్యకు గూడ గదే ఉండె."

"ఆయన తాగేటోడు గదా తాతా?"

"ఎవల కాడ తాగిండు? ఈ ఊర్ల కల్లు పోసేటోన్ని నేనొక్కన్నే. నా కాడ ఒక్క బొట్టు తాగలే. వచ్చి ఆ మూల బల్ల మీద కూసునేటోడు. పొయ్యాల్నా నర్సయ్యా అంటె, వద్దు యాదగిరి, నాకు పడది అనేటోడు. మరి గీడ ఎందుకు కూసున్నవ్ అంటె, ఎట్లయిన తాగినోడే అంటున్నరు, ఇంటికాడ కూసుంటె తిట్లు, గీడ కూసుంటె తూలినా ఎవ్వడు అడగడు అన్నడు."

ఇన్నేళ్ళు మీరెవరికీ చెప్పలేదా అని అడిగితే తాత నన్ను వింతగా చూశాడు. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు. ఆయన పాలు గూడ తాగలే, ఊకె కూసున్నడు. కల్లు అమ్మేటోడు లేచి, వాడు తాగలేదయ్యా అంటె ఎవడు నమ్ముతడు?" అని, కొంచెం ఆగి ఇంకో మాట చెప్పాడు. "ఆమె ఏటా పెత్రమాసకు మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వస్తది. పట్నం కల్లు మంచిగుండదని నా కాడనే సీసా కొనుక్కపోయి ఆయన ఫోటో ముంగట పెడతది. బతికున్నప్పుడు ముట్టనోనికి సచ్చినంక ఏటా ఒక సీసా పోతుంది. నాకు మనసుల ఎట్లనో ఉంటది. కానీ సచ్చినోళ్ళకు ఏం పెట్టుకుంటరో అది ఇంటోళ్ళ ఇష్టం, నేనెట్ల వద్దంట?"

మా వైపు పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు పోయినవాళ్ళ ఫోటో ముందు వాళ్ళకు ఇష్టమైనవి వండి పెడతారు. కల్లు తాగేవాళ్ళకు కల్లు, చుట్ట తాగేవాళ్ళకు చుట్ట. మా తాతకు మేం జిలేబీ పెడతాం. అలవాటుగా చేసే పని, తప్పయితే ఎట్లా అని ఎప్పుడూ ఆలోచించలేదు.

తాత కల్లు ఇస్తానన్నాడు, మేం మంచినీళ్ళు తాగి బయటపడ్డాం. మళ్ళీ నేరేడుచర్ల వచ్చి మిర్యాలగూడ రోడ్డెక్కాలి. నేను తల దించుకొని తొక్కుతూ ఒక మలుపు తప్పిపోయాను, పొలాల మధ్య మట్టిరోడ్డులో రెండు కిలోమీటర్లు పోయాక నయీం అరిచి వెనక్కి పిలిచాడు. చిల్లేపల్లి దగ్గర మూసీ వంతెన మీద సైకిళ్ళు ఆపి ఇద్దరం వాదించుకున్నాం. పెద్దమ్మ నమ్మాలన్నదే కదా సైదులు కోరిక, ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది, చెప్పేద్దాం అన్నాను నేను. నయీం సైకిల్ హ్యాండిల్ మీద మోచేతులు పెట్టుకొని నీళ్ళను చూస్తున్నాడు.

"ఆమె నమ్ముతది. నమ్మినంక? మొగన్ని బతికినన్ని దినాలు ఊరికెనే తిట్టిన అని తెలుస్తది. ఆయన ఇప్పుడు లేడు గదా భాయ్, ఎవలకు చెప్పుకుంటది?"

"అయితె చెప్పొద్దంటవా?"

"చెప్పకుంటె ఎట్ల? డాక్టర్‌కు తెల్వాలె. తండ్రికి ఉండి కొడుక్కు వచ్చిందంటె..." అని నయీం ఆగిపోయాడు.

ఆగిపోయింది ఎందుకో నాకు తెలుసు. హైదరాబాద్‌లో డాక్టర్ మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఎవరికైనా ఇట్లా ఉండేదా అని అడిగినప్పుడు నేను సైదులు పక్కనే కూర్చున్నాను. లేదు సార్, మా నాయిన తాగేటోడు, అంతే, అన్నాడు వాడు. ఈ జబ్బులో కొన్ని రకాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతాయని డాక్టర్ అప్పుడే చెప్పాడు. సైదులుకు ఒక్కతే కూతురు శ్రావణి, ఎనిమిదో తరగతి. తమ ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి దానికి భయం లేదనే వాడు ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాడు. చెబితే వాడడిగింది వాడికి దొరుకుతుంది, వాడి దగ్గరున్నది పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వంతెన మీద ఎంతసేపు నిలబడ్డా ఏదీ తేలలేదు. ముందు ఇంటికి పోయి సైదులు ముఖం చూసి నిర్ణయిద్దామనుకున్నాం. పెద్దమ్మ ముందు మాత్రం నోరెత్తకూడదని ఒప్పందం చేసుకున్నాం.

మిర్యాలగూడ దగ్గర పడుతున్నట్టు ముక్కుకే తెలుస్తుంది. మిల్లుల్లో ఉడుకుతున్న వడ్ల వాసన, గాలిలో ఊక. మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు కిలోమీటరు పొడవున నిలబడి ఉన్నాయి, ట్రాక్టర్ల కింద డ్రైవర్లు నిద్రపోతున్నారు. సైకిలంటే ఈ ఒక్క చోటే లాభం, సందుల్లోంచి దూరిపోవచ్చు. అయిదు దాటాక సైదులు ఇంటి ముందు దిగాం. మిల్లుల వెనక సందులో రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వరండా. వాడి భార్య మిల్లు పని నుంచి ఇంకా రాలేదు. సైదులు వరండాలో మంచం మీద ఉన్నాడు, మమ్మల్ని చూసి రెండు చేతులూ పైకెత్తాడు. నేను సైకిల్ దిగి ఒక అడుగు వేశాను. పొద్దుటి నుంచి తొక్కిన కాళ్ళు, పిక్కలు పట్టేసి మోకాళ్ళు మడత పడ్డాయి. ఇటు రెండడుగులు, అటు ఒకడుగు తూలి గోడ పట్టుకున్నాను.

పెద్దమ్మ గబగబా వచ్చింది. పట్టుకోవడానికి అనుకున్నాను. నా భుజం మీద చెయ్యి వేసి వంచి, నా నోటి దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది.

"నువ్వు గూడనా సీనూ? వాసనైతె లేదు. లవంగం నమిలినవా?"

"లవంగం ఎందుకు పెద్దమ్మా?"

"ఎందుకేంది? మా ఆయన గదే చేసేటోడు. ఎంత తాగొచ్చినా లవంగం నమిలి వచ్చేటోడు. బతికినన్ని దినాలు ఒక్కనాడు నాకు వాసన దొరకనియ్యలే. వీడు గూడ గదే ఇద్దె నేర్సిండు" అని సైదులు వైపు చెయ్యి చూపించింది.

నేను నయీంను చూడలేదు. చూస్తే ఆపేవాడు. "పెద్దమ్మా, యాదగిరి తాత కాడికి పోయొచ్చినం" అన్నాను. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. మూల బల్ల, వద్దు యాదగిరి నాకు పడదన్న మాట, అన్నీ చెప్పేశాను. ఆమె మధ్యలోనే కోపంగా, "వానికేం ఎరుక? వాడు సీసాలు అమ్ముకునేటోడు. ఇంటికొచ్చి తలుపుకు గుద్దుకుంట పడింది నేను సూసిన, వాడు సూసిండా?" అంది.

సైదులు మంచం మీద సర్దుకొని కూర్చున్నాడు. వాడు ఒక మాట చెప్పాలంటే ఇప్పుడు చాలాసేపు పడుతుంది, ఒక్కొక్క మాటా పట్టి బయటకు లాగాలి. మేమంతా ఆగాం.

"అమ్మా. నాయిన లవంగం నమిలేది... నువ్వు ఎన్నడన్న సూసినవా?"

ఆమె నోరు తెరిచింది. జవాబు ఉందనుకొనే తెరిచింది. తర్వాత మెల్లగా మెట్టు మీద కూర్చుంది.

"సూడలే. వాసన రాకపోయేసరికి లవంగం అనుకున్న."

సందులో ఎవరో ట్రాక్టర్ హారన్ కొడుతూనే ఉన్నారు. చాలాసేపటికి ఆమె మాకు కాకుండా తనలో తాను అనుకుంటున్నట్టు మాట్లాడింది. "ఏటా పెత్రమాసకు కల్లు పోస్తున్న. తాగి సచ్చినవ్, ఇంక తాగు అని తిట్టుకుంట పోస్తున్న. ఇగ ఏం పెట్టాలె ఆయనకు? ఆయనకు ఏం ఇష్టమో నాకు ఎరుకలేదు. ఎన్నడు అడగలే" అని నా వైపు చూసింది, నిజంగానే నాకు తెలుసేమోనని. నాకు ఏడుపొచ్చింది. పిక్కల నొప్పి అని చెప్పి ముఖం తిప్పుకున్నాను.

సైదులు చేతులు కడుక్కోవడానికి లేచాడు. వాడు తూలినప్పుడు ఆమె ఎప్పుడూ పట్టుకోదు, తాగినోన్ని పట్టుకుంటే రేపు ఇంకింత తాగుతడని ఆమె లెక్క. ఆ రోజు మెట్టు మీంచి లేచి వాడి చంక కింద తన భుజం పెట్టింది. ఆమె తల వాడి ఛాతీ దాకా కూడా రాదు. ఇద్దరూ కలిసి నీళ్ళ తొట్టి దాకా వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. వాడు కోరుకున్నది వాడికి దొరికింది. సంతోషపడతాడనుకొని వాడి ముఖం చూశాను. వాడు తల్లిని చూడటం లేదు. అప్పుడే శ్రావణి లోపలి నుంచి మా కోసం పళ్ళెంలో నిండుగా రెండు గ్లాసుల నీళ్ళు తెస్తోంది. గడప దాటింది, మెట్టు దిగింది. సైదులు, పెద్దమ్మ, నయీం, నేను, అందరం ఆ గ్లాసుల్నే చూస్తున్నాం. చుక్క కూడా తొణకలేదు. ఏమైందో తెలియని ఆ పిల్ల, "ఏంది, అందరు గట్ల సూస్తున్నరు?" అంది.

మరునాడు పొద్దున ఖాళీగా సూర్యాపేట పోతున్న డీసీఎం వ్యానులో సైకిళ్ళు వేసుకొని తిరిగొచ్చాం. డ్రైవర్ అయిదు వందలు అడిగాడు, మూడు వందలకు ఒప్పుకున్నాడు. చందాలు మేం అనుకున్నదానికన్నా బాగానే వచ్చాయి, కడ్డీలు బిగించారు, సైదులు వాటిని పట్టుకొని రోజూ నడుస్తున్నాడు. పెద్దమ్మ వెంట వెళుతుంది, నోరు వాసన చూడటం మానేసింది. డాక్టర్‌కు నర్సయ్య సంగతి చెప్పాం. శ్రావణి విషయంలో తొందరేమీ లేదని, పరీక్ష కావాలో వద్దో అది పెద్దయ్యాక తనే తేల్చుకోవచ్చని ఆయన అన్నాడు. అయినా ఇంట్లో ఆ పిల్ల చెయ్యి జారి చెంచా కింద పడితే ముగ్గురూ ఒక్కసారిగా తల ఎత్తుతున్నారని సైదులు ఫోన్లో చెప్పాడు. నేను ఆ రోజు నోరు మూసుకొని ఉంటే బాగుండేదా? నయీం అయిదు నిమిషాలు బాగుండేదంటాడు, అయిదు నిమిషాలు కాదంటాడు. నేనూ అంతే. రాస్తే తేలుతుందేమోనని ఇదంతా రాశాను, తేలలేదు.

ఒక్క సలహా మాత్రం గట్టిగా చెప్పగలను, అది సైకిల్ గురించి కాదు. మీవాళ్ళనెవరినైనా నరాల డాక్టర్ దగ్గరికి తీసుకుపోతుంటే, బయలుదేరే ముందు ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, పోయినవాళ్ళు ఎట్లా నడిచేవాళ్ళో, ఎట్లా మాట్లాడేవాళ్ళో ఒక్కొక్కరి గురించి అడగండి. ఎవరి గురించైనా "ఆయన తాగేటోడు" అంటే, తాగుతుండగా ఎవరు చూశారో కూడా అడగండి.